లేని దేశానికి మూడు టిక్కెట్లు

"అలాంటి దేశమే లేదట మావయ్యా!"

చెప్పులు విప్పకుండానే, భుజం మీది సంచి దించకుండానే వరండా మెట్ల మీద నిలబడి ఆ మాట అనేసింది సాయిదుర్గ. విశాఖపట్నంలో బస్సెక్కింది మొదలు ఘాట్‌రోడ్డు మలుపులన్నీ తిరిగి అరకులో దిగేదాకా బిగబట్టిన ఏడుపు అది! సాయంత్రం ఐదున్నర దాటింది. చలికాలం కదా, అప్పుడే కొండల మీద వెలుతురు సన్నగిల్లిపోయింది. వరండాలో పడక్కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న జగన్నాథరావు గారు రేడియో చెవి మెలిపెట్టి కట్టేశారు.

"ముందు కూచో అమ్మా. మంచినీళ్ళు తాగు."

"నాకొద్దు మంచినీళ్ళు! ఆ ట్రావెల్స్ ఆఫీసులో ఎంత నవ్వారో తెలుసా మీకు? 'వెస్టిండీస్‌కి ముగ్గురికి వీసా కావాలండీ' అన్నాను. ఆ కుర్రాడు నా మొహంలోకి చూసి, 'మేడం, వెస్టిండీస్ అన్నది క్రికెట్ టీమండీ, దేశం కాదు! పదీ పదిహేను దేశాలు కలిసి ఆ పేరుతో ఆడతాయి, మీకు వాటిలో ఏ దేశం కావాలి?' అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా నవ్వేశారు. మీరేం పని చేస్తారని అడిగారు. టీచర్నని చెప్పడానికి సిగ్గేసింది మావయ్యా! తెలుగు టీచరునే కావచ్చు, అయినా ఆ మాత్రం తెలియొద్దా? జమైకా, బార్బడోస్ అంటే ఆ దేశంలో ఊళ్ళనుకున్నాను... మన సాలూరు, పార్వతీపురంలాగా!"

నాలుగు నెలలుగా ప్రాణంలా దాచుకున్న ఫైలు అది. అట్ట మీద తన గుండ్రటి చేతిరాతతో 'వెస్టిండీస్ ప్రయాణం' అని రాసుకుంది. ఆ ఫైలును తీసి అరుగు మీద విసిరికొట్టింది. డాక్టరు సర్టిఫికెట్లు, మోకాళ్ళ పట్టీల చీటీ, విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ఎలా అడగాలో రాసుకున్న కాగితాలు, పులిహోర పొడి ఎన్నాళ్ళు నిలవుంటుందో లెక్క... అన్నీ చెల్లాచెదురుగా పడ్డాయి.

వంటగది గుమ్మం లోపల రాజ్మా కాయలు ఒలుస్తున్న అత్తగారు రాజులమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. తల మాత్రం ఎత్తలేదు. ఆవిడ ఎత్తదు! నాలుగేళ్ళయింది, కోడలి మొహంలోకి సూటిగా చూసి.

ఏం చెప్పను ఆ ఇంటి సంగతి! దుర్గ భర్త మోహన్‌కృష్ణ అరకులో బ్యాంకు ఉద్యోగి. ఒక్కగానొక్క కొడుకు. డొంకరాయి పవర్‌హౌస్‌లో పనిచేసి రిటైరైన తండ్రినీ, తల్లినీ తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ తండ్రీకొడుకులిద్దరికీ క్రికెట్ అంటే పిచ్చి. డొంకరాయి క్వార్టర్స్‌లో, చుట్టూ అడవి తప్ప మరేమీ లేనిచోట, ఎక్కడో సముద్రాలవతల జరిగే ఆట కోసం రేడియోకి చెవులప్పగించి కూర్చునేవాళ్ళట. "నాన్నా, నువ్వూ అమ్మా నేనూ దుర్గా వెస్టిండీస్ వెళ్దాం. ఆ గ్రౌండులో గడ్డి మీద కూర్చుని టెస్టు మ్యాచ్ చూద్దాం" అనేవాడు మోహన్. అందరి పాస్‌పోర్టుల కోసం కాగితాలు సిద్ధం చెయ్యడం కూడా మొదలుపెట్టాడు. ఆ పనిమీదే ఒకనాడు పొద్దున్నే బండి మీద ఎస్.కోట బయల్దేరాడు. అనంతగిరి దగ్గర మంచు... ఎదురుగా లారీ... అంతే! మనిషి తిరిగి రాలేదు.

కర్మకాండ జరిగిన రోజు, పదిమందీ ఉండగా, రాజులమ్మ కోడలివైపు వేలెత్తి ఒక్కటే మాటంది. "దీని మాటకే ఎల్లాడు నా కొడుకు. దీనికే ఊర్లు సూడాలని సరదా!" తరవాత ఇంక మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది! "అన్నం పెట్టాను", "నీళ్ళొచ్చినాయి" అని గోడతో చెప్పినట్టు చెప్పడమే తప్ప, "ఒసే" అని కూడా పిలవలేదు. దుర్గ తిరిగి ఒక్కమాట అనలేదు. ఆ మాట నిజం కాదని ఆమెకి తెలుసు. పోలీసులు తెచ్చిచ్చిన బ్యాగులో ఏముందో ఆమె చూసింది. అయినా ఎవరితోనూ అనలేదు. అత్తగారికి తిట్టుకోడానికి ఒక మనిషి ఉండనీ, అలాగైనా బతుకుతుంది అనుకుంది. అనుకోవడమైతే అనుకుంది గానీ, ముగ్గురున్న ఇంట్లో మూడు వేళల్లో మూడు కంచాలు... ఆశ్రమ పాఠశాలలో పిల్లల గోల మధ్య తొమ్మిది గంటలు గడిపి ఇంటికొస్తే, పలకరించేవాళ్ళుండరు. ఎన్నిసార్లు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చిందో ఆ కుళాయికే తెలుసు!

సాలూరులో ఉన్న అన్నయ్య ప్రేమ్‌కుమార్ వారంవారం ఫోను. "దుర్గా, ముప్ఫై ఎనిమిదేళ్ళకే జీవితం అయిపోయిందా? ఒక సంబంధం ఉంది, భార్య పోయినాయన, మర్యాదస్తుడు. ఎండాకాలం సెలవులకి వచ్చెయ్. వాళ్ళకి నువ్వేమవుతావు ఇంక?" అని. ఆ చివరి ప్రశ్నే ఆమెని తొలిచేస్తోంది. నిజమే, ఏమవుతుంది? కొడుకు లేని ఇంట్లో కోడలు అనే మాటకి అర్థమేమిటి? పొమ్మన్నవాళ్ళు లేరు, ఉండమన్నవాళ్ళూ లేరు. ఉండమని ఒక్కరంటే చాలు, ఒక్కసారంటే చాలు, ఆ గుమ్మం దాటేది కాదు దుర్గ!

మొన్న భాద్రపదంలో మావగారు అన్నం మానేశారు. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవారు. ఒకరోజు సాయంత్రం టీవీలో ఆ తెల్లటి ఇసక, నీలం సముద్రం, మ్యాచ్ కనిపిస్తుంటే, ఏం తోచిందో ఏమో, "మావయ్యా, మనం వెళ్దామా?" అంది దుర్గ. ఆయన ఆమెవైపు తిరిగి, "వెళ్దాం తల్లీ" అన్నారు. ఆ పూట రెండోసారి అన్నం వడ్డించమన్నారు!

అంతే, ఇల్లు మారిపోయింది. స్కూలు నుంచి రాగానే దుర్గ ఫైలు పట్టుకుని వరండాలో కూర్చునేది. ఎన్ని విమానాలు మారాలి, ఏ నెలలో గాలివానలుండవు, పెద్దవాళ్ళు నడవకుండా బీచి చూడ్డమెలా... ఆయన కళ్ళజోడు సర్దుకుని సందేహాలడిగేవారు. ఆమె రాసుకునేది. మళ్ళీ మర్నాడు కొత్త సందేహం! "ఒక విమానంలోనే పద్నాలుగు గంటలు కూర్చోవాలి మావయ్యా" అని ఆమె భయపడితే, "కూచుంటాం. ఏటైపోద్ది?" అని ఆయన ధైర్యం చెప్పేవారు. అలా మూడు పాస్‌పోర్టులూ వచ్చేశాయి. రాజులమ్మ మాత్రం వంటగది గుమ్మం దాటి ఆ వరండాలోకి రాలేదు. పాస్‌పోర్టు ఆఫీసుకి రమ్మంటే వచ్చింది, వేలు పెట్టమంటే పెట్టింది, పెదవి మాత్రం విప్పలేదు.

ఇదీ ఆ ఫైలు కథ. అదే ఇప్పుడు అరుగు మీద పడి ఉంది.

కాగితాలు ఏరుదామని వంగిన దుర్గ, వంగినది వంగినట్టే ఆగిపోయింది. దేశమే లేదని ఇంత గగ్గోలు పెడితే, ఆయన "అదేటి?" అని ఒక్కసారి కూడా అడగలేదే! యాభై ఏళ్ళు ఆ ఆట విన్న మనిషి... పేరు పేరునా ప్రతి ఆటగాడిదీ ఏ దీవో చెప్పగలిగిన మనిషి...

"మావయ్యా... మీకు తెలుసా?"

జగన్నాథరావు గారు తల దించుకున్నారు.

"మొదట్నించీ తెలుసా? ఫైలు మీద రాసినప్పుడు కూడా?"

"తెలుసమ్మా."

"తెలిసి ఊరుకున్నారా! నాలుగు నెలలు నన్నొక పిచ్చిదాన్ని చేసి ఆడించారా? నేను మీకు అంత లోకువైపోయానా మావయ్యా?" భుజం మీది సంచి సర్దుకుంది. "అన్నయ్య చెప్తూనే ఉన్నాడు, వాళ్ళకి నువ్వేమీ కావని. నాకే బుద్ధి లేదు! రేపే సాలూరు వెళ్ళిపోతాను..."

"దుర్గమ్మా!" ఆయన లేవబోయి, ఆయాసంతో మళ్ళీ కూర్చుండిపోయారు. "తిట్టు, నన్నెంతైనా తిట్టు. ఈ మాట విని తిట్టు. నేను ఎక్కడికీ రాలేనమ్మా. నన్ను చూసే గుండె డాక్టరు పోయిన దసరాకే చెప్పాడు, రెండు మెట్లెక్కితే ఆగాలి, విమానం మాట తలపెట్టొద్దని. నీకిచ్చిన సర్టిఫికెట్టు బతిమాలి వేరే డాక్టరు దగ్గర రాయించాను. ఎందుకంటావా? నువ్వు సాయంత్రం వచ్చి నా పక్కన కూచుని మాట్లాడతన్నావు. మూడున్నరేళ్ళు ఈ ఇంట్లో మాటన్నది లేదు తల్లీ! దేశం లేదని మొదటిరోజే చెప్పేస్తే, వెతకడం బేగి అయిపోద్ది. అయిపోతే నువ్వు మళ్ళీ నీ గదిలోకెళ్ళి తలుపేసుకుంటావు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటా... నువ్వు వైజాగ్ వెళ్ళి నవ్వులపాలవుతావని నేను అనుకోలేదమ్మా... ముసలోణ్ణి, స్వార్థపరుణ్ణి. మన్నించు!"

డెబ్భై నాలుగేళ్ళ మనిషి చేతులు జోడించారు! దుర్గ పరుగున వెళ్ళి ఆ చేతులు పట్టేసుకుంది.

"అయ్యో మావయ్యా, అంత మాటొద్దు! నాకు మాత్రం వెళ్ళాలనుందా? నాకు సముద్రమంటేనే భయం. మీరు అన్నం మానేశారని, ఏదో ఒక ఆశ ఉంటే తింటారని మొదలుపెట్టాను. అంతకంటే ఏం లేదు!"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకి ముందు నవ్వొచ్చింది, తరవాత దగ్గొచ్చింది. దుర్గ కన్నీళ్ళతోనే నవ్వేసింది.

"అయితే మనలో ఎవరికీ వెళ్ళాలని లేదన్నమాట!" అంది.

"నేదని నన్నడిగినారేటి?"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. వంటగది గుమ్మం దాటి రాజులమ్మ వరండాలో నిలబడి ఉంది! ఒడిలోని రాజ్మా గింజలు నేలపాలై దొర్లుతున్నాయి. చూస్తున్నది భర్తని కాదు, కోడల్ని. సూటిగా, మొహంలోకి!

"మీరిద్దరూ ఒకర్నొకరు మోసం సేసుకుంటన్నారు, బాగానే ఉంది. నాను నిజంగానే ఎల్తామనుకున్నాను. సుక్రవారం సంతలో పక్కింటి అచ్చియమ్మకి సెప్పీసినాను, వెస్టిండీసెల్తన్నాం, నా కోడలు తీసుకెల్తంది అని."

నా కోడలు! దుర్గ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తరవాతి మాటలు వినడానికి కాస్త సమయం పట్టింది.

"...పద్నాలుగ్గంటలు కూకోవాలన్నావు. నాకు నడుం నొప్పి, గంట కూకోనేను. అందుకే నువ్వు ఇస్కూలుకెల్లగానే పెరట్లో పలాస్టిక్ కుర్సీ ఏసుకుని కూకోడం నేర్సుకుంటన్నాను. మొదట్లో రెండు గంటలు. ఇప్పుడు తొమ్మిది. ఒంటికి లేత్తానంతే, విమానంలో అదుంటాదన్నావు గదా. పద్నాలుక్కి ఇంక అయిదే తక్కువ."

ఆ ముసలావిడ చేతి వేళ్ళు ఐదూ చూపించి చెప్తోంది! నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన భార్య, పెరట్లో రోజుకి తొమ్మిది గంటలు విమానం ఎక్కుతోందని జగన్నాథరావు గారికి తెలియనే తెలియదు.

"అత్తయ్యా..." అంది దుర్గ. "మీకు క్రికెట్టంటే పడదు కదా!"

"కిరికెట్టు కాలిపోనీ! ఆడు ఎల్లుంటే సూసొచ్చి నాకు సెప్పీవోడు, అమ్మా అక్కడ ఇలగుంది, అలగుంది అని. ఆడు సూడనేదు. ఇప్పుడు నాను సూసి ఆడికి సెప్పాల." ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "ఇంకో మాటుంది. అది సెప్పకపోతే నాకు ముద్ద దిగదు. ఆ రోజు ఆడెల్లింది నీ మాటకి కాదు. నా కాగితానికి. నాను పుట్టిన తారీకు ఎవులికి తెల్సు? అఫిడవిట్టేదో గావాలన్నాడు. మంచుగా ఉంది, రేపెల్తానమ్మా అన్నాడు. నానే... నానే తొందరెట్టాను, ఇయ్యాలే ఎల్లరా అని! ఆ మాట నాలో పెట్టుకుని నాను బతకనేను. అందుకని నీ నెత్తిన పెట్టీసినాను. పదిమందిలో అనీసినాను. తరవాత నీ మొకం సూడ్డానికి నాకు మొకం సెల్లనేదు గుంటా..."

దుర్గ ఆవిడని రెండు చేతులా పొదివి పట్టుకుంది. నాలుగేళ్ళలో ఆ మనిషిని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఎంత చిక్కిపోయింది! భుజం ఎముకలు గుచ్చుకుంటున్నాయి.

"నాకు తెలుసత్తయ్యా."

"ఏటి తెల్సు?"

"బ్యాగులో మీ పేరున రాసిన అఫిడవిట్టు కాగితం ఉంది, ఎస్.కోటలో ముద్ర వేయించాల్సింది. ఆ వారమే చూశాను."

రాజులమ్మ కోడలి మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, అబద్ధమేమోనన్నట్టు. "తెల్సీ... తెల్సీ నోరెత్తనేదా! అంతమంది నిన్ను మాటంటంటే!"

"ఎత్తితే మీరేమైపోయేవారు?"

ఇంక ఆపుకోలేకపోయింది ఆ తల్లి. కోడలి మెడ చుట్టూ చేతులు వేసి, "ఓలమ్మా... నా తల్లీ... కొడుకుని నానే పంపీసినాను, నిన్ను కూడా నానే దూరం సేసుకున్నాను" అని గుండెలవిసేలా ఏడ్చింది. కొడుకు పోయిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదు. జగన్నాథరావు గారు శాలువా చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ కూర్చున్నారు. వాళ్ళని ఓదార్చాలని కూడా ఆయనకి తోచలేదు. ఏడవనిచ్చారు.

చీకటి పడుతుండగా ప్రేమ్‌కుమార్ ఫోను. దుర్గ వరండా చివరికి వెళ్ళి మాట్లాడింది. "సంబంధం మాట ఇప్పుడు కాదన్నయ్యా. నేను మా అత్తయ్యని తీసుకుని ఆ దీవుల్లో ఏదో ఒకదానికి వెళ్తున్నాను. నాకు ఏమైనా కావాలనిపిస్తే నేనే చెప్తాను. నువ్వు రమ్మన్నావనీ రాను, వీళ్ళు ఉండమన్నారనీ ఉండను." ఆ మాట అనేశాక, నిజంగానే వీళ్ళు ఉండమని ఇంకా అనలేదన్న సంగతి గుర్తొచ్చింది. లోపలికెళ్ళేసరికి రాజులమ్మ మూడు కంచాలు ఒకే వరసలో పెట్టి కూర్చుని ఉంది.

ఏ దీవికి వెళ్ళాలో ఎంచింది మావగారే. ఆదివారం పొద్దున అట్లాసు తెప్పించుకుని, భూతద్దం పెట్టి చూసి, వేలంత కూడా లేని చుక్క ఒకటి చూపించారు. "ఇదేనమ్మా, బార్బడోస్. మోహన్‌కి ఎప్పుడూ ఇక్కడి గ్రౌండు పేరే నోట్లో ఉండేది." పన్నెండు రోజుల ప్రయాణం. మావగారికి తోడుగా రాత్రిళ్ళు అచ్చియమ్మ వచ్చి ఇంట్లో పడుకుంటుంది, డాక్టరు నంబరు గోడ మీద రాసిపెట్టాలి, మందులు ఏ రోజువి ఆ రోజుకి పొట్లాలు కట్టాలి. కొత్త ఫైలు తెచ్చి దుర్గ ఇవన్నీ రాసుకుంది.

"రాసింది సాల్లే. ఇలా రా. నువ్వు మట్టుకు కూకోగలవేటి పద్నాలుగ్గంటలు?" అని రాజులమ్మ పెరట్లో తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసింది. అత్తా కోడలూ పక్కపక్కన కూర్చున్నారు. ఎదురుగా కొండ, కొండ మీద కాఫీ తోటలు. కదిలితే ఒప్పుకోదు ఆవిడ! మూడో గంటకి దుర్గకి తొడలు తిమ్మిరెక్కాయి. ఈలోగా అత్తగారు మాట్లాడుతూనే ఉంది. మోహన్ పుట్టినప్పుడు డొంకరాయిలో డాక్టరు లేకపోవడం, వాడు మొదట పలికిన మాట, వాడికి పాలకూర పడకపోవడం... నాలుగేళ్ళ మాటలన్నీ ఒక్కరోజే చెప్పెయ్యాలన్నంత ఆత్రం. దుర్గ ఊఁ కొడుతూ వింటోంది.

మధ్యాహ్నం అయింది. జగన్నాథరావు గారు తనే కంచంలో అన్నం పెట్టుకుని పెరటి గుమ్మం దాకా వచ్చారు. దుర్గ లేవబోయింది.

"రండి మావయ్యా, మీకూ కుర్చీ వేస్తాను. ఇక్కడే తినండి."

"ఒద్దమ్మా. కూచో, లేవకు, లెక్క తప్పిపోద్ది." ఆయన నవ్వారు. "మీరు కూచోడం నేర్చుకుంటన్నారు. నేనూ ఒక్కణ్ణే తినడం నేర్చుకోవాలి కదా."

"పన్నెండు రోజులే కదా మావయ్యా!"

"ముందు పన్నెండు రోజులు నేర్చుకుంటాను. రేపు నువ్వు నీ దారిన వెళ్ళినా నాకు ముద్ద దిగాలి కదా" అని కంచం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

దుర్గకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిలుద్దామని నోరు తెరిచింది. రాజులమ్మ ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కింది.

"పిలవకు తల్లీ. నేర్సుకోనీ."

లోపల పీట లాగిన చప్పుడైంది. కాసేపటికి రేడియో పెట్టారు. రాజులమ్మ కోడలి చెయ్యి వదలకుండా, ఇంకా ఎన్ని గంటలున్నాయని అడిగింది.